పేచీకోరు ఆటగాడు జట్టులో ఉండాలా?

ప్రతిభ దండిగా ఉండి, పదిమందితో పొసగని ఆటగాణ్ణి జట్టులో ఉంచుకోవాలా, సాగనంపాలా? మన కళాశాల జట్టు ఎంపిక జరిగిన ప్రతి ఏడూ క్యాంటీన్‌లో వినిపించే తగాదా ఇదే. నేనుండే యూసుఫ్‌గూడ గల్లీల్లో టెన్నిస్ బంతితో ఆడే పిల్లలకూ ఇదే బాధ. అందరికన్నా బాగా కొట్టేవాడే అవుటైతే బ్యాటివ్వడు!

మాది వ్యవసాయ కుటుంబం. పాలిచ్చే గేదె తన్నినా ఓర్చుకోవాలంటారు మా ఊళ్లో. ఓర్చుకోవడమంటే రోజూ తన్నులు తినడం కాదు. మా నాన్న దాని వెనక కాళ్లకు తాడు కట్టి, ముందర తవుడు పెట్టి, అప్పుడు చెంబు పట్టుకుని కూర్చుంటాడు. తాడొక్కటే ఉంటే గేదె చేపదు, తవుడొక్కటే ఉంటే చెంబు దక్కదు.

మన హైదరాబాద్ క్రికెట్‌లో ఇందుకు అందరికీ గుర్తొచ్చే పేరు అంబటి రాయుడు. 2002లో, పదిహేడేళ్లకే, ఆంధ్రతో రంజీ మ్యాచ్‌లో 210, 159 నాటౌట్ కొట్టాడు. 2004లో అండర్-19 ప్రపంచ కప్‌లో మన దేశానికి కెప్టెన్. ఆ మరుసటేడే ఇక్కడ పొసగక ఆంధ్ర జట్టుకు వెళ్లాడు, తిరిగొచ్చాడు, 2010లో బరోడాకు వెళ్లిపోయాడు. తప్పెవరిదన్న పంచాయితీ నాకక్కర్లేదు. పరుగులు మాత్రం పొరుగువాళ్ల ఖాతాలో పడ్డాయి.

అతను మారిపోయాడా అంటే, అదీ లేదు. 2016 ఐపీఎల్‌లో ముంబయి తరఫున ఆడుతూ, సొంత జట్టు బౌలర్ హర్భజన్‌తోనే మైదానంలో మాటామాటా అనుకున్నాడు. ముంబయి ఇద్దరినీ ఉంచుకుంది, 2017లో కప్పు గెలిచింది. 2018 జనవరిలో హైదరాబాద్ కెప్టెన్‌గా అంపైర్లతో వాదించినందుకు బోర్డు రెండు మ్యాచ్‌ల నిషేధం వేసింది. అదే ఏడు చెన్నైకి 602 పరుగులు చేశాడు, ఆ జట్టులో అందరికన్నా ఎక్కువ. 2023 ఫైనల్ తర్వాత ధోనీ నవ్వుతూ చెప్పిందేమిటంటే, రాయుడు జట్టులో ఉన్నంతకాలం తనకు ఫెయిర్ ప్లే బహుమతి రాదట! అయినా ఆరేళ్లు ఉంచుకున్నాడు. కోపం సంగతి తెలిసే తీసుకున్నారు, చెయ్యాల్సిన పని స్పష్టంగా అప్పగించారు.

ఐపీఎల్ రెండు నెలల ముచ్చట, డబ్బున్న సంసారం. కాలేజీ జట్టు అలా కాదు. ఒకే హాస్టల్, ఒకే మెస్సు, ఏడాది పొడుగునా మొహమొహాలు చూసుకోవాలి. పైగా నోరున్నవాడి గొడవలో పడి, నోరులేని పన్నెండో ఆటగాడి సంగతి ఎవరికీ పట్టదు. పొద్దున అయిదింటికొచ్చి పిచ్‌కి నీళ్లు పట్టేది అతనే.

ఈ ఏడు మన ఫాస్ట్ బౌలర్ ఒకణ్ణి కారణం చెప్పకుండానే తప్పించారు. వేళకి రాడు, క్యాచ్ వదిలితే తిడతాడు, నిజమే. కానీ నెల ముందు పిలిచి, ఇంకోసారి తిడితే రెండు మ్యాచ్‌లు బయట కూర్చోవాలని ఎవరైనా అన్నారా? నాకు తెలిసి లేదు. వచ్చే ఎంపికలకు ముందే ఆ షరతులు కాగితం మీద రాసి నోటీసు బోర్డుకి అంటించాలి. ఆ కాగితం కెప్టెన్‌గారికీ వర్తించాలి.