అమ్మాయి కళాశాల ప్రవేశము - ఇంటి సన్నాహము

సంక్రాంతి ముగ్గులు చెరగకముందే, ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరము చదువు బాలిక యున్న యింట నొక విధమైన నిశ్శబ్దము కమ్ముకొనును. టెలివిజను మూతపడును. ఇప్పుడు రావలదని చుట్టములకు మెల్లగా కబురు పోవును. తల్లి రాత్రి పదునొకండు గంటలకు పాలు కాచి యిచ్చి, మరల తెల్లవారుజామున నాలుగు గంటలకు లేపుచుండును. జనవరిలో నొకమాఱు, ఏప్రిలులో మఱియొకమాఱు జె.ఇ.ఇ. మెయిను, నడుమ బోర్డువారి ప్రయోగ పరీక్షలు, వ్రాత పరీక్షలు, వేసవిలో నీటు, మనవారు నేటికిని ఎంసెటు అనియే పిలుచు ఇ.ఏ.పి.సెటు. పదునేడేండ్ల పిల్ల యిన్నింటికి నిలువవలసియున్నది. పిల్ల చేయవలసిన పని పిల్ల చేయుచునే యున్నది. ఇల్లు చేయవలసిన పని మాత్రము ర్యాంకు వచ్చువఱకు ఎవరికిని జ్ఞప్తికి రాదు. సోదరీమణులతో నేను ముచ్చటింపదలచినది ఆ పనిని గూర్చియే.

మొదట కాగితముల మాట. మా చెల్లెలి పెద్దకూతురి విషయమున జరిగినది చెప్పెదను. ఆమె దరఖాస్తును బజారులోని యింటర్నెట్ దుకాణమువాడు నింపెను. ఫోను నంబరు అడిగిన గడిలో తన నంబరే వ్రాసెను. మావా రెవ్వరును గమనింపలేదు. జూలైలో కౌన్సెలింగు దినమున ఓ.టి.పి. అను రహస్య సంఖ్య వాని ఫోనునకు పోయెను. వాడో, కుటుంబముతో తీర్థయాత్రకు వెళ్ళియుండెను! రెండు దినములు మా చెల్లెలికి అన్నము సయింపలేదు. అది చాలదన్నట్లు, పదవ తరగతి పత్రములో ఇంటిపేరు పూర్తిగా నున్నది. ఆధారు కార్డులో దాని మొదటి యక్షరమే కలదు. తండ్రి పేరు చివర "రావు" ఒకచోట నున్నది, వేఱొకచోట లేదు. మనకు ఇంటిపేరు ముందు వచ్చును. కొన్ని దరఖాస్తులలోని గడులు దానిని వెనుక వ్రాయుమనును. ఇట్టి భేదములను సరిదిద్దించుటకు ఒక్కొక్కప్పుడు వారములు పట్టును. పదవ తరగతి పత్రములోని పేరును ప్రమాణముగా నుంచుకొని, తక్కినవన్నియు దానితో సరిపోవునట్లు పరీక్షల వేళకు ముందే చూచుకొనుట మేలు. ఫోను నంబరు ఇంటివారిదే కావలయును. అదియు ఆ సంవత్సరము మార్చకూడదు.

ఆరవ తరగతి మొదలు ఇంటర్మీడియట్ వఱకు ఎక్కడెక్కడ చదివినదో తెలుపు స్టడీ సర్టిఫికెట్లను వెదకి తీయవలయును. మన రెండు రాష్ట్రముల కళాశాలలలోను కన్వీనరు సీట్లలో 85 శాతము స్థానికులకే గావున, స్థానికతకు ముఖ్యముగా సాక్ష్యమిచ్చునవి ఈ కాగితములే. తండ్రి ఉద్యోగము బదిలీయై నాలుగు ఊళ్ళు తిరిగిన పిల్లకు ఇది చిన్న పని కాదు. ఐ.ఐ.టి., ఎన్.ఐ.టి.ల ప్రవేశమునకు వలయు ఇ.డబ్ల్యు.ఎస్., ఓ.బి.సి. నాన్ క్రీమీలేయరు పత్రములు మాత్రము ఆ యేడు ఏప్రిలు 1వ తేదీయో, ఆ తరువాతనో ఇచ్చినవై యుండవలయును. డిసెంబరులోనే తెచ్చి బీరువాలో దాచితినని సంతోషించు తల్లి మరల తహసీలుదారు కార్యాలయమునకు నడువక తప్పదు.

ఇంజనీరింగు, వైద్యములే చదువులన్నట్లు మన యిండ్లలో మాటలు సాగుచుండును. కేంద్ర విశ్వవిద్యాలయముల డిగ్రీ ప్రవేశములకు 2022 నుండి సి.యు.ఇ.టి. అను పరీక్ష యున్నది. దాని దరఖాస్తు గడువు బోర్డు పరీక్షల హడావుడిలో తెలియకయే జాఱిపోవుట కలదు. తెలంగాణములో డిగ్రీ కళాశాలల సీట్లకు 2016 నుండి "దోస్త్" ద్వారా ఇంటర్మీడియట్ మార్కులను బట్టి ప్రవేశము జరుగుచున్నది. స్త్రీలకొఱకే యున్న విద్యాలయములు కావలెనన్నచో తిరుపతిలో 1983లో వెలసిన శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము కలదు. హైదరాబాదులో 1924లో పుట్టిన కోఠీ మహిళా కళాశాల 2022లో విశ్వవిద్యాలయమైనది.

ఇక వెబ్ ఆప్షన్లు. కళాశాలల పేర్లను వరుసగా వ్రాయు నీ ఘట్టములోనే మనవారు భయపడి తప్పు చేయుదురు. కంప్యూటరు మొదటి పేరును చూచును. ర్యాంకు చాలినచో సీటిచ్చును, చాలనిచో రెండవ పేరునకు దిగును. కోరిన కళాశాలను పైన వ్రాసినందువలన క్రింది కళాశాలలో పిల్లకు నష్టమేమియు లేదు. అయినను "మనకెందుకు వచ్చును లే" యని దగ్గఱిదానిని మొదట వ్రాయుదురు. ఆ దగ్గఱిదే వచ్చును. పైది వచ్చియుండెడిదో లేదో యెన్నటికిని తెలియదు. బాలికలకు ఇందు కొంత అనుకూలమును గలదు. రాష్ట్ర కళాశాలలలో మూడవ వంతు సీట్లు స్త్రీలవి. ఐ.ఐ.టి.లలో 2018 నుండి బాలికలకు అదనపు సీట్లు కల్పింపబడి, 2020 నాటికి వారి పాలు 20 శాతమునకు పెంచబడినది. అయితే ఒక్క జాగ్రత్త. పంపదలచుకొనని కళాశాల పేరును వరుసలో నెక్కడను వ్రాయరాదు. వ్రాసినచో అదియు రావచ్చును.

పంపుదుమా, పంపమా? ఈ యొక్క ప్రశ్ననే మనము చివరి దినము వఱకు దాటవేయుదుము. మా వీధిలోని యొక బాలికకు తిరుచిరాపల్లి ఎన్.ఐ.టి.లో సీటు వచ్చెను. వీధియంతయు మిఠాయి తిన్నది. ఆ రాత్రి తాతగారు, "ఆడపిల్లను అంత దూరమా?" అని యడిగిరి. తండ్రి తల వంచుకొనెను, తల్లి వంటింటిలోనికి పోయెను. సీటు నిలుపుకొనుటకు డబ్బు కట్టవలసిన గడువు మూడు నాలుగు దినములే. ఆ దినములు మంతనములతో గడిచిపోయినవి, సీటును పోయినది. పిల్ల యేమియు ననలేదు. ఇప్పుడు ప్రతిదినము ఏడు గంటల బస్సునకు దగ్గఱి కళాశాలకు పోవుచున్నది. ఆ తల్లి నాతో, "ముందే ఇంట్లో ఒక్కమాట అడిగి ఉండవలసిందండీ. ర్యాంకు వస్తుందో రాదో, ఇప్పటినుంచీ గొడవెందుకని ఊరుకున్నాను," అన్నది. పిల్ల మౌనము కంటె ఆ మాటయే నన్ను ఎక్కువ బాధించినది.

దూరము, వసతి అను నీ చిక్కు క్రొత్తది కాదు. 1930ల కాలమున దుర్గాబాయమ్మగారు ఆంధ్ర విశ్వవిద్యాలయములో బి.ఏ. చదువబోగా, స్త్రీలకు వసతిగృహము లేదని ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు చేర్చుకొనుటకు సందేహించిరి. ఆమె పత్రికలో ప్రకటన వేసి, తనవలెనే వసతి లేక ఆగిపోయిన బాలికలను కూడగట్టి, తామే యొక వసతిగృహము నడుపుకొని చదివిరి. మన పిల్లలకు నేడు అంత పని లేదు. గది యున్నది, మంచ మున్నది. చూచి వచ్చువారు కావలయును.

మా చెల్లెలు పెద్దదాని విషయమున పడిన పాట్లను మఱువలేదు. రెండవ కూతురు తుది సంవత్సరములోనికి రాగానే దసరా సెలవులలో తండ్రీకూతుళ్ళను రైలెక్కించి పంపెను. మూడు కళాశాలలను, వాని వసతిగృహములను చూచిరి. అక్కడ చదువుచున్న మన ప్రాంతపు పిల్లలతో మాటలాడిరి. మా మఱది తిరిగివచ్చి కళాశాలలను గూర్చి ఒక్క మాటయు చెప్పలేదు. సాంబారు పలుచన అనియు, గేటు రాత్రి తొమ్మిదింటికి మూయుదురనియు, కాపలాదారు మన కర్నూలువాడే యనియు మాత్రము చెప్పెను. "అక్కా, ఇంక భయం లేదు. పేర్లన్నీ ఆయనే కూర్చుని వరుసగా రాస్తున్నారు," అని మా చెల్లెలు నాకు ఫోను చేసినది.