కోచ్‌ను తిట్టేముందు జీతాల ముచ్చట అడుగుర్రి

టీము ఓడితె మన ఫోన్లల్ల ముందుగాల తిట్లు పడేది కోచ్‌కే. కొత్తగ వచ్చి నాలుగు మ్యాచ్‌లు కాకముందే "వీనికేం రాదు, పంపియ్యుర్రి" అని పోస్టులు. నేను సుత పెట్టిన. 2023-24ల హైదరాబాద్ ఎఫ్‌సీ ఓడుతుంటె హెడ్ కోచ్ థంగ్‌బోయ్ సింగ్టోను మస్తు అన్న. తర్వాత కూసోని లెక్క తీస్తె నాకే సిగ్గనిపించింది.

2022 మార్చి 20న గోవాల కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలల్ల కొట్టి మన టీము ఐఎస్‌ఎల్ కప్పు తెచ్చింది. అప్పుడు హెడ్ కోచ్ స్పెయినాయన మనోలో మార్కెజ్. ఆయనకు అసిస్టెంట్ ఎవరనుకుంటున్నరు? గీ సింగ్టోనే. రెండేండ్లకు ఆయనే హెడ్ కోచ్‌గ ఉన్న సీజన్ల 22 మ్యాచ్‌లకు ఒక్కటే గెలుపు, 8 పాయింట్లు, అట్టడుగు. రెండేండ్లల్ల మనిషి ఆట మర్సిపోతడా?

మారింది పైసల కత. ఆటగాళ్లకు బకాయిలు ఇయ్యలేదని ఫిఫా కొత్త ఆటగాళ్లను తీసుకోకుండ ఆపింది. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరు పోయిన్రు, ఝువావ్ విక్టర్ ఒక్కడు మిగిలిండు. మనదేశం సీనియర్లు సుత శానమంది సర్దుకున్నరు. ఎదుటి టీము నలుగురు విదేశీలను దించుతుంటె, సింగ్టో చేతిల ఉన్నది మీసాలు సరిగ రాని పిల్లలు. నేను కూలి సంఘాలల్ల తిరిగినోన్ని. కూలి ఆపిన గుత్తేదారును ఇడిసిపెట్టి మేస్త్రి గల్ల పట్టుడు శానసార్లు సూసిన. గిది గసోంటిదే.

అట్లని కోచ్‌ను అడగొద్దా? అడగాలె. కని స్కోరు సూసి కాదు. కార్నర్ కిక్‌ల మొదటి మ్యాచ్‌ల ఎట్ల గోల్ ఇచ్చిన్రో, ఆరో మ్యాచ్‌ల సుత గట్లనే ఇస్తున్నరా? గంట ఆట అయినంక వరుస చెదిరిపోతున్నదా, నిలబడుతున్నదా? పిల్లగాడు ఒక తప్పు చేస్తె మల్ల మ్యాచ్‌ల ఆడిస్తున్నడా, మూలకు కూసోబెడుతున్నడా? గివి కోచ్ చేతిల పనులు. జీతం ఆయన చేతిల లేదు.

ఇంకో మోసం ఉన్నది. కొత్త కోచ్ రాంగనే రెండు గెలుస్తె దండలేస్తం. అసలు టీము మరీ దిగజారినప్పుడే కదా కోచ్‌ను మారుస్తరు. ఆడికెల్లి ఎవరు వచ్చినా, రాకున్నా కొంత లేస్తది. దెబ్బ తాకినోళ్లు తిరిగొస్తరు, గోల్ కంబానికి తాకి పోయిన బంతి ఈసారి లోపల పడతది. గా రెండు గెలుపుల ఆయన పాలు ఎంతనో అప్పుడే తెల్వది.

2024-25ల కొత్త యజమానులు వచ్చిన్రు, టీము కట్టుడు ఆలస్యమైంది. కోల్‌కతాల మహ్మదన్ మీద 4-0 కొట్టిన్రు, కని నిలబెట్టలేదు. డిసెంబర్ల సింగ్టో పోయిండు, రిజర్వు టీము సూసుకునే షమీల్ చెంబకత్ వచ్చిండు. ఆఖరికి 13 టీములల్ల 12వ స్థానం. పట్టిక సూస్తె ఇద్దరూ ఫెయిలే. కని షమీల్‌కు దొరికింది నడుమల, ఇంకొగరు తయారు చేసిన టీము. గసోంటోనికి కనీసం ఒక పూర్తి సీజన్ ఇయ్యకుంట మార్కులు ఎట్ల వేస్తం?

మన హైదరాబాద్ ఆయనే, సయ్యద్ అబ్దుల్ రహీం, బడిల సార్‌గ పనిచేసినాయన. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌ల యుగోస్లావియా చేతుల ఆయన భారత జట్టు 10-1తోని ఓడింది. గియ్యాల అయితె రాత్రికి రాత్రి ట్రోల్ చేసి ఇంటికి పంపుదుము. అప్పుడు ఉంచిన్రు. 1956ల మెల్‌బోర్న్‌ల నాలుగో స్థానం, 1962ల జకార్తాల ఏషియాడ్ బంగారం.

హైదరాబాద్ ఎఫ్‌సీ ముచ్చటంటరా, 2025ల ఢిల్లీకి పోయింది, పేరు సుత స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఇగ గచ్చిబౌలిల తిడదామన్నా టీము లేదు.