తాబేళ్ల కాపుదల – ఇల్లాలి వంటయిల్లు

మూగజీవములకు సేవచేయ సముద్రములు దాటిపోవు యువతులను గూర్చి మీరు వినియుందురు. వారిలో కొందఱు కోస్టారికా దేశమున కరేబియన్ సముద్రపుటొడ్డునున్న పారిస్మినా అను పల్లెకు పోవుచున్నారు. ఆ యూరికి రోడ్డు లేదు, పడవయే గతి. అచ్చట గ్రామస్థుల యిండ్లలో సొమ్మిచ్చి బసచేయుదురు.

మార్చి మొదలు జూలై వఱకు లెదర్‌బాక్ తాబేళ్లు రాత్రివేళ ఒడ్డెక్కి గ్రుడ్లు పెట్టును. తెల్లని వెలుగు చూచిన తల్లి బెదరి మరలిపోవును. కావున ఎఱ్ఱదీపముతో, ఊరివాని వెంట, గంటలకొలది యిసుకలో నడవవలయును. గ్రుడ్లను దొర్లనీయక తీసి, కావలిగల చోట మరల పాతుదురు. సుమారు 60 దినములకు పిల్లలు వెలువడును.

ఇది నిరపాయమైన పని గాదు. 2013 మే నెలలో, మోయిన్ తీరమున తాబేళ్లను కాచుచుండిన జైరో మోరా సాందొవాల్ అను 26 ఏండ్ల యువకుడు హత్యచేయబడెను. బిడ్డను పంపదలచిన తల్లి, రాత్రి తోడెవరని ముందే యడుగవలయును.

అయినను మాకు ముఖ్యముగా తోచునది వంటయిల్లే. గ్రుడ్లమ్ముకొనుట ఆ తీరపు బీదలకు చిరకాలపు జీవనము. అమ్మవలదన్న మాత్రమున కడుపు నిండునా? అతిథి యిచ్చు సొమ్ముతో ఆ లోటు కొంత తీఱును. కొబ్బరిపాలలో బియ్యమును చిక్కుడుగింజలను ఉడికించి పెట్టు ఆ యిల్లాలి శ్రమ, రాత్రి పహరాకంటె తక్కువది గాదు. కనుక బససొమ్ములో ఆమెకు చేరునదెంతయో విచారించియే బయలుదేరవలయును. ఆమెకు స్పానిషు తప్ప వేఱు భాష రాకపోవచ్చును. నాలుగు మాటలు నేర్చుకొని పోవుట మేలు.