తొందరపడి వచ్చి రేవు బయట నిలిచే ఓడలు

బొగ్గు, ధాన్యం, ఇనుప ఖనిజం మోసే ఓడ రేవు చేరేసరికి బెర్తు ఖాళీ లేకపోవడం మామూలే. లంగరు వేసి రోజుల తరబడి వేచి వుంటుంది. అంత త్వరగా రావడానికి దారిలో కాల్చిన ఇంధనం మాత్రం వృథాయే. 2018లో ప్రపంచమంతటా మానవుల వల్ల వెలువడిన, వేడిని పెంచే వాయువుల్లో నౌకారవాణా వాటా 2.89 శాతమని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ లెక్క తేల్చింది. మెథనాల్, అమోనియాలతో నడిచే ఓడల గురించి చర్చ జోరుగా వున్నది. కాని ఆ ఇంధనాలు ఖరీదైనవి. పైగా మెథనాల్ అయితే అదే శక్తికి రెట్టింపు బరువు కావాలి. వేగం తగ్గించడానికి కొత్త యంత్రం అక్కర్లేదు.

లెక్క ఇలా వుంటుంది. 14 నాట్ల వేగంతో రోజుకు 40 టన్నుల ఇంధనం కాల్చే ఓడ 20 రోజుల ప్రయాణానికి 800 టన్నులు కాలుస్తుంది. వేగం పదో వంతు తగ్గిస్తే ప్రయాణం రెండు రోజులకు పైగా పెరుగుతుంది. అయినా రోజువారీ ఖర్చు 29 టన్నులకు పడిపోతుంది గనుక మొత్తం 650 టన్నులతో సరిపోతుంది. ఇంజనుపై భారం వేగానికి ఘనం చొప్పున మారడమే ఇందుకు కారణం. టన్ను ఫర్నేస్ ఆయిల్ కాలితే 3 టన్నులకు పైగా బొగ్గుపులుసు వాయువు వస్తుంది. అంటే ఒక్క ప్రయాణంలో 450 టన్నులకు పైగా తగ్గుతుందన్నమాట.

మరి ఓడలు ఎందుకు పరుగెత్తుతాయి? చిక్కు కిరాయి ఒప్పందంలో వున్నది. టన్నుకు ఇంత అని కుదిరే ఒప్పందంలో ఇంధనం ఖర్చు ఓడ యజమానిదే. అయినా ముందు వచ్చిన ఓడకే ముందు బెర్తు. వచ్చినట్టు నోటీసు ఇస్తే గడువు లెక్క మొదలవుతుంది. గడువు దాటితే డెమరేజీ వస్తుంది. నెమ్మదిగా వస్తే యజమానికి ఆ రాబడి పోతుంది. ‘సాధ్యమైనంత త్వరగా’ రావాలన్న షరతును మీరినట్టూ అవుతుంది. రోజువారీ అద్దె ఒప్పందంలో ఇంధనం అద్దెకు తీసుకున్నవారిది. అద్దె మండిపోతున్నప్పుడు వారూ వేగమే కోరతారు. సరకు మీద బ్యాంకు వడ్డీ సరేసరి.

కిరాయి పడిపోతే మాత్రం అందరికీ నిదానం గుర్తుకొస్తుంది. బాల్టిక్ డ్రై సూచీ 2008 మేలో 11,793కు ఎగబాకి, డిసెంబరుకు 663కు కుప్పకూలింది. ఆ తర్వాత ఓడలు వేగం తగ్గించుకున్నాయి. వాతావరణం మీద ప్రేమతో కాదు.

ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్ బొగ్గు రేవు పాఠం వేరు. 2007 జూన్‌లో అక్కడ పదుల కొద్దీ ఓడలు బయట నిలిచి వుండగా తుఫాను వచ్చింది. బొగ్గు కోసం వేచివున్న ‘పాషా బల్కర్’ ఒడ్డుకు కొట్టుకొచ్చింది. 2010లో అక్కడ ఓడ సముద్రంలో వుండగానే వరుసలో చోటు ఖరారు చేసి, రావలసిన సమయం చెప్పే పద్ధతి పెట్టారు. పోటీపడి పరుగెత్తే అవసరం తగ్గింది. ఓడ యజమానుల సంఘం బిమ్కో కూడా 2021లో, చెప్పిన వేళకు నెమ్మదిగా రావడం ఒప్పంద భంగం కాదనే షరతు నమూనాను విడుదల చేసింది.

ఐరోపా సమాజం వేరే దారి పట్టింది. 2024 నుంచి పెద్ద ఓడలు వాయువుకు వెల కట్టవలసి వచ్చింది. మొదటి ఏడాది ఉద్గారాలకు 40 శాతం, 2025కు 70, 2026 నుంచి పూర్తిగా. మన రేవు నుంచి నేరుగా ఐరోపా రేవుకు సాగే ప్రయాణంలో సగం లెక్కకు వస్తుంది. కంపెనీలు దీన్ని సర్‌చార్జీగా వేస్తున్నందున రొయ్యల ఎగుమతిదారు కిరాయి బిల్లులో ఈ పద్దు చూడవలసిందే. ప్రపంచమంతటికీ ఇలాంటి వెల పెట్టే ప్రతిపాదనను సముద్రయాన సంస్థ 2025 అక్టోబరులో 57–49 ఓట్లతో ఏడాది వాయిదా వేసింది.

విశాఖ ఉక్కుకు వచ్చే కోకింగ్ బొగ్గుతో సహా, దిగుమతిదారులు బేరంలో అడగదగినది ఒకటున్నది: రేవులో చోటు దొరికే తేదీని బట్టి ఓడ నడిస్తే మిగిలే ఇంధనం ఖరీదులో ఎవరి వాటా ఎంత?