పాత పడవకి పాత మోటారు కొనేటప్పుడు

 

మన హాస్టల్లో చాలామందిమి గోదారి ఒడ్డు ఊళ్ళ వాళ్ళమే. మా ఊరు పాపికొండల్లో ఉంది. రోడ్డు లేదు. రేషను బియ్యం తేవాలన్నా, జొరమొస్తే ఆసుపత్రికి పోవాలన్నా, సెలవులయ్యాక నేను ఇక్కడికి రావాలన్నా పడవే దిక్కు. అందుకని ఈసారి గోడపత్రికకి ఈ వ్యాసం రాస్తున్నాను.

అవుట్ బోర్డ్ మోటారు అంటే పడవ లోపల బిగించే ఇంజను కాదు. పడవ వెనక పలకకి బయటివైపు తగిలించేది. పైన ఇంజను, కింద పొడుగు కాలు, అడుగున నీళ్ళలో తిరిగే పంకా ఉంటాయి. మోటారుని అటూ ఇటూ తిప్పితే పడవ కూడా తిరుగుతుంది. కొత్తది కొనాలంటే మావల్ల కాదు. పాతదే కొనుక్కోవాలి.

మేము మోసపోయిన సంగతి

నేను ఏడో తరగతిలో ఉండగా అయ్య రెండు మేకలు అమ్మి, కొంత అప్పు చేసి ఒక పాత మోటారు కొన్నాడు. అమ్మినాయన దాన్ని ఇసక మీదే, నీళ్ళు లేకుండా నడిపి చూపించాడంట. ఒక్క లాగుడికే అందుకుందని అయ్య సంబరపడ్డాడు. మేము పోకముందే దాన్ని వేడి చేసి ఉంచాడని తరవాత తెలిసింది.

సంక్రాంతి సెలవుల్లో మా చిన్నమ్మకి రాత్రిపూట నొప్పులొచ్చాయి. పడవలో ఎక్కించుకుని బయలుదేరాం. నడి గోదాట్లో మోటారు కాలిన వాసనొచ్చి ఆగిపోయింది. పడవ దిగువకి కొట్టుకుపోతోంది. అయ్య, చిన్నాన్న తెడ్లు వేసి ఎలాగో ఇసకతిన్నెకి చేర్చారు. తమ్ముడు అక్కడే చీకట్లో పుట్టాడు. నేను టార్చిలైటు పట్టుకున్నాను. దేవుడి దయవల్ల ఇద్దరూ బతికారు.

తరవాత మెకానిక్ మోటారు విప్పి చూపించాడు. ఇంజను చల్లబడడానికి నదిలో నీళ్ళు పైకి తోడే చిన్న పంపు ఉంటుంది. దాంట్లో రబ్బరు రెక్కలు ఉంటాయి. నీళ్ళు లేకుండా తిప్పితే అవి ఒరుసుకుని పాడవుతాయి. మాదాంట్లో రెక్కలు ముక్కలైపోయి ఉన్నాయి. ఆ రోజు ఆయన చెప్పిందంతా నోటుబుక్కు వెనకాల రాసుకున్నాను. ఈ దసరా సెలవుల్లో అయ్యతో కాకినాడ పోయినప్పుడు ఆ నోటుబుక్కు పట్టుకుపోయాను.

చూడవలసిన విషయములు

1. ముందు పడవని చూడాలి. మా పడవ తాత కాలం నాటిది. వెనక పలకని మేకుతో గుచ్చితే ఒక పక్క మెత్తగా దిగింది. అంటే చెక్క పుచ్చింది. కొత్త చెక్క వేయించాకే మోటారుకి పోయాం.

2. బలం చూడాలి. చిన్నాన్న 15 గుర్రాల బలం ఉన్నదే కావాలన్నాడు. నిజమే, ఎదురు ప్రవాహానికి అది బాగా లాగుద్ది. కాని ఆ సైజు మోటారు సుమారు 36 కిలోలు ఉంటుంది. 8 గుర్రాలది సుమారు 27 కిలోలు. వెనక బరువెక్కువైతే వెనక భాగం నీళ్ళలోకి దిగిపోయి ముక్కు పైకి లేస్తుంది. మన సైన్సులో తేలే వస్తువుల పాఠం గుర్తు చేసుకోండి. పైగా పాత పలక ఆ తోపుడికి తట్టుకోవాలి గదా.

3. కాలు పొడుగు కొలవాలి. పొట్టి కాలు మోటారు 15 అంగుళాల పలకకి, పొడుగు కాలుది 20 అంగుళాల పలకకి సరిపోతుంది. కాలు పొట్టిదైతే పంకా గాలి పీల్చి ఊరికే అరుస్తుంది, పడవ కదలదు. పొడుగెక్కువైతే తక్కువ నీళ్ళలో రాళ్ళకి కొట్టుకుంటుంది. మేము కొలతకి పురికొస ముడేసి పట్టుకుపోయాం.

4. చేత్తో ముట్టి చూడాలి. మనం పోయేసరికి మోటారు చల్లగా ఉండాలి. వేడిగా ఉంటే చల్లారేదాకా కూర్చోండి. చల్లటి మోటారు స్టార్టయితేనే నమ్మాలి.

5. నీళ్ళ డ్రమ్ములో పెట్టి నడిపించాలి. ప్రక్కనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్ళు ధారగా రావాలి. రాకపోతే పంపు పాడయిందన్నా అనుకోవాలి, దారి మూసుకుపోయిందన్నా అనుకోవాలి. సముద్రంలో వాడినవాటికి లోపల ఉప్పు పేరుకుంటుంది.

6. గేరు నూనె చూడాలి. అడుగు మర విప్పితే నూనె కారుతుంది. పాలలాగా తెల్లగా ఉంటే లోపలికి నీళ్ళు పోయాయని అర్థం. పంకా వెనకాల వల దారాలు చుట్టుకుని సీలుని కోసేస్తే అలా అవుతుంది.

7. మెకానిక్కుని తీసుకుపోవాలి. స్పార్క్ ప్లగ్గులు తీసి గేజి పెట్టి చూస్తాడు. రెండు సిలిండర్ల అంకెలు ఇంచుమించు సమానంగా ఉండాలి.

చిన్నాన్నకి నచ్చిన 15 గుర్రాల మోటారు చాలా తక్కువకే వచ్చేది. రంగు కూడా కొత్తగా ఉంది. గేరు నూనె తీయించమని నేను అడిగితే అమ్మేవాళ్ళు నవ్వారు. అయ్య నవ్వలేదు. "మా పిల్ల అడిగింది తియ్యండి" అన్నాడు. తీస్తే మజ్జిగలాగా కారింది. చిన్నాన్న ఇంక మాట్లాడలేదు. గీతలు పడ్డ 8 గుర్రాలది అన్నిటికీ నిలబడింది. అదే తెచ్చుకున్నాం. పంపు రబ్బరు మాత్రం కొత్తది వేయించాం.

కొన్నాక

మాది టూ స్ట్రోక్. దానికి పెట్రోలులోనే నూనె కలపాలి, 5 లీటర్లకి 100 మిల్లీలీటర్లు. కొన్ని మోటార్లకి లెక్క వేరు, అడిగి తెలుసుకోవాలి. నూనె తగ్గితే ఇంజను పట్టేస్తుంది. మోటారుని పడవకి గొలుసుతో కూడా కట్టాలి. తెడ్లు ఎప్పుడూ పడవలోనే ఉండాలి. లైఫ్ జాకెట్లు కూడా. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పెద్ద బోటే మునిగి ఎంతోమంది పోయారు. గోదారికి చిన్న పడవ, పెద్ద పడవ తేడా లేదు.

మా అయ్యకి చదువు రాదు. ఆ రోజు వచ్చేటప్పుడు నా నోటుబుక్కు తడవకుండా చొక్కాలో దాచి తెచ్చాడు. మీ ఇంట్లో ఎవరైనా మోటారు కొంటుంటే నన్నడగండి, ఇస్తాను. చూసి రాసుకుని మళ్ళీ ఇచ్చేయాలి.

ఇట్లు
మీ స్నేహితురాలు,
9వ తరగతి