గాజుపోగులో కనబడని వెలుగు

దుబాయిలోని అల్ వర్సాన్ నుండి బెజవాడలోని అమ్మతో వీడియోలో మాట్లాడేటప్పుడు మన మాటలను మోసేది లేజరు కాంతి. ఎల్‌ఈడీ చవకే, కాని దాని కాంతి చెదిరిపోతుంది, అనేక తరంగదైర్ఘ్యాల మిశ్రమం కూడా. అవి వేర్వేరు వేగాలతో సాగి, దూరం పెరిగేకొద్దీ సంకేతాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. లేజరుది సన్నని, దాదాపు ఏకవర్ణ కాంతి. అందుకే సుమారు 9 మైక్రాన్ల కోర్‌లో ఇముడుతుంది.

ఇళ్లకు ఫైబర్ అందించే జీపాన్ పద్ధతిలో వచ్చే సమాచారానికి 1490, వెళ్లేదానికి 1310 నానోమీటర్ల కాంతిని వాడతారు. కనుక ఒకే పోగులో రెండూ కలగాపులగం కావు. సముద్రగర్భ కేబుళ్లలో 1550 ప్రాంతపు కాంతిని ఎంచుకుంటారు. గాజులో నష్టం అక్కడే అత్యల్పం. 15 కిలోమీటర్లు సాగినా సుమారు సగం మిగులుతుంది.

ఇవన్నీ కంటికి కనబడని పరారుణ కిరణాలు. చీకటిగా ఉన్నంతమాత్రాన ఊడిన ఫైబర్ కొసలో కాంతి లేదనుకోరాదు, దానిలోకి తొంగిచూడరాదు.