వార్తల్లో పదం: లాంగిట్యూడినల్ స్టడీ

వయసుతో తెలివి తగ్గుతుందా? దీన్ని తేల్చడానికి రెండు పద్ధతులున్నాయి. వేర్వేరు వయసులవారిని ఒకేసారి పరీక్షించి పోల్చేది క్రాస్ సెక్షనల్ స్టడీ. ఒకే మనుషులను ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ పరీక్షించేది లాంగిట్యూడినల్ స్టడీ.

అమెరికాలోని సియాటిల్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త వార్నర్ షాయ్ 1956లో 500 మందిని పరీక్షించారు. 1963లో వారిలో అందుబాటులో ఉన్నవారిని మళ్లీ పిలిచారు, కొత్తవారినీ చేర్చుకున్నారు. ఆపై ఏడేళ్లకోసారి ఇదే వరస. ఒకేసారి పోల్చినప్పుడు పెద్దవాళ్లు బాగా వెనకబడినట్టు కనిపించారు. వాళ్లనే వెంబడించి చూస్తే చాలా సామర్థ్యాలు అరవై దాకా నిలకడగానే ఉన్నాయి. పాత తరానికి చదువు తక్కువ. ఆ తేడాను వయసు ఖాతాలో వేయడం పెద్దలకు అన్యాయమే. అయితే రెండో పద్ధతిలోనూ ఆరోగ్యం చెడినవారు మధ్యలో తప్పుకుంటారు, మిగిలినవారికి ప్రశ్నలు అలవాటవుతాయి. అందుకే షాయ్ రెండు పద్ధతులనూ జోడించారు.